సైకిల్ ప్రశ్నకు టీకా తాత్పర్యం

మూలం: “ఏవండీ రాజుగారూ! సైకిలేంటండీ? బండేమైందండీ?”

అవతారిక: ఉండి ఊరి సెంటర్లో టీ తాగుతున్నవారు, సైకిల్ మీద పోతున్న పెద్దమనిషిని చూసి పలికిన వాక్యమిది. కర్త ఫలానా అని చెప్పలేం, ఊరంతా కర్తే.

ప్రతిపదార్థం: ఏవండీ = కాస్త ఆగండి; రాజుగారూ = బండి మీద వెళ్ళవలసిన మనిషీ; సైకిలు = రెండు చక్రాలూ ఒక గంటా గల కష్టకాలము; ఏంటండీ = ఎంత పని జరిగిందండీ; బండి = బుల్లెట్టు, కనీసం స్కూటీ; ఏమైందండీ = అమ్మేశారా, తాకట్టా, రొయ్యలకు వైట్‌స్పాట్ తెగులు గానీ తగిలిందా?

తాత్పర్యం: ఓ రాజుగారూ! మీరు సైకిలెక్కారంటే ఏదో నష్టం వచ్చే ఉంటుంది. అదేదో చెప్పి కదిలితే మా టీకి రుచి వస్తుంది.

పాఠాంతరాలు: గేర్ల సైకిలూ, హెల్మెట్టూ ఉంటే “ఎంత పడిందండీ?” అని పాఠం. తెల్లారగట్ల తొక్కితే “షుగరాండీ?” అని మరో పాఠం. మేత బస్తా క్యారేజీకి కట్టుకుని చెరువు గట్టున పోయే కూలీ విషయంలో మూలమే లేదు. అతణ్ణి ఎవరూ ఏమీ అడగరు. కనుక ప్రశ్న సైకిలు గురించి కాదనీ, మెట్టు దిగడం గురించనీ గ్రహించేది.

అపవాదం: బడిపిల్లలు. ‘బడికొస్తా’ పథకం కింద ప్రభుత్వం తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్ళిచ్చింది. వాళ్ళను ఊరు అడగదు. ఇంటర్లో చేరాక, స్కూటీ ఎప్పుడు కొంటావని వాళ్ళే నాన్నను అడుగుతారు.

అలంకారం: విరోధాభాసం. తెలుగుదేశం గుర్తు సైకిలు. 2009, 2014, 2019, 2024 అసెంబ్లీ ఎన్నికలు నాలుగింటిలోనూ ఉండిలో సైకిలే గెలిచింది. గుర్తుగా ఉంటే ఊరేగింపు, వాహనంగా ఉంటే పరామర్శ.

శంక: కొల్లేటి దాకా మెరకన్నదే లేని డెల్టా నేల కదా, సైకిలుకు ఇంతకన్నా ఏం కావాలి?

సమాధానం: నేల అనుకూలమే, రోడ్డు కాదు. ఐసు నీళ్ళు కారుస్తూ చేపల లారీ హారన్ కొడుతుంది. పక్కకు తప్పుకుందామంటే కాలవ. పరువుకు జడిసి మానేసినవాళ్ళు కూడా లారీనే సాకు చెబుతారు. ఆ సాకులో సగం నిజమే.

ఫలశ్రుతి: “ఆయ్, ఇంటికాడే ఉందండీ” అని ఆగకుండా తొక్కేసేవాడికి మోకాళ్ళూ పరువూ రెండూ దక్కును. ఆగి పెట్రోలు ధరా, పర్యావరణమూ వివరించబోయేవాడికి బండి నిజంగానే అమ్మేశాడన్న కీర్తి సాయంత్రానికల్లా ఆకివీడు దాకా వ్యాపించును.