రాడార్‌కు కనబడ్తది సారూ, మీకే కనబడదు!

చీమ చిటుక్కుమన్నా పట్టేస్తుందట. చీకటైనా, పొగమంచైనా దానికి లెక్కలేదట. తరంగాలు వదులుతుంది. కదిలే మనిషికి తగిలి అవి తిరిగొస్తాయి. వాడు ఎంత దూరంలో ఉన్నాడో, ఎంత వేగంగా, ఎటు వస్తున్నాడో చెప్పేస్తుంది. కాపలా చోట్లన్నిటా ఈ రాడార్ సెన్సర్లు బిగిస్తే చొరబాటుదారులకు చుక్కలేనట. సంతోషం! మరి గంట మోగాక కదలాల్సిన మనిషిని ఏ కంపెనీ అమ్ముతోంది?

నాగార్జునసాగర్‌కు పోదాం పదండి. మిర్యాలగూడ, కోదాడ పొలాలకు ఎడమ కాల్వ నీళ్లొచ్చేది అక్కడి నుంచే. 2023 నవంబరు 30 తెల్లవారుజామున, సరిగ్గా తెలంగాణ పోలింగ్ రోజున, ఆ డ్యాం మీదికి వందల మంది వచ్చారు. ముసుగుల్లేవు. పాకుతూ రాలేదు. యూనిఫాంలో, దర్జాగా వచ్చారు. ఆంధ్రప్రదేశ్ పోలీసులు! 13వ గేటు దగ్గర ముళ్లకంచె వేశారు. సగం డ్యాం మాదన్నారు. కుడి కాల్వకు నీళ్లు వదిలారు. సీసీ కెమెరాలు పగలగొట్టారని ఇటువైపు ఫిర్యాదు. ఆ రాత్రి రాడార్ ఉంటే ఏం చేసేది? గంట కొట్టేది. అప్పుడు ఎవరికి ఫోన్ చేయాలి? పోలీసులకా? వచ్చిందే పోలీసులాయె! మన పోలీసులకా? వాళ్లు ఓట్ల డ్యూటీలో ఉండిరాయె! చివరికి కేంద్రం దిగి సీఆర్పీఎఫ్‌ను కాపలా పెట్టింది. రెండు ప్రభుత్వాలు కూర్చుని తెంపుకోలేని పంచాయితీని సెన్సర్ తెంపుతుందా?

సూర్యాపేటను మరిచారా? 2015 ఏప్రిల్ 1 అర్ధరాత్రి బస్టాండులో తనిఖీ చేస్తున్న పోలీసులపై ఇద్దరు కాల్పులు జరిపారు. ఒక కానిస్టేబుల్, ఒక హోంగార్డు బలయ్యారు. 4వ తేదీన జానకీపురం దగ్గర ఎదురుకాల్పుల్లో ఆ ఇద్దరూ హతమయ్యారు. అక్కడ మరో కానిస్టేబుల్ పోయాడు. గాయపడిన ఎస్సై తర్వాత కన్నుమూశాడు. ఎవరా ఇద్దరు? 2013 అక్టోబరు 1న మధ్యప్రదేశ్‌లోని ఖండ్వా జైలు నుంచి మరుగుదొడ్డి గోడ పగలగొట్టుకుని పారిపోయిన, నిషేధిత సంస్థ సిమికి చెందిన ఖైదీలు. గోడ పగులుతుంటే వినడానికి రాడారే కావాలా? అక్కడెవరో గోడ చూసుకోనందుకు ఇక్కడ నలుగురి ఇళ్లలో దీపాలారాయి.

బుద్ధొచ్చిందా? 2016 అక్టోబరులో భోపాల్ జైలు నుంచి ఎనిమిది మంది సిమి ఖైదీలు ఒక హెడ్ కానిస్టేబుల్‌ను చంపి మరీ ఉడాయించారు. ఖండ్వాలో పారిపోయి మళ్లీ దొరికినవాళ్లూ అందులో ఉన్నారు. కెమెరాలు లేవా? ఉన్నాయి. పనిచేయలేదన్నారు!

అదీ మన రోగం. కొనేదాకా హడావుడి. రిబ్బన్ కత్తిరించేదాకా ఫొటోలు. ఆపైన మరమ్మతుకు పైసల్లేవు. రాడార్‌కు ఊగే కొమ్మా కదలికే, తప్పిపోయిన బర్రే కదలికే. చోటును బట్టి దాన్ని సరిచేసుకోకపోతే అన్నీ ఉత్తుత్తి గంటలే. రాత్రికి పదిసార్లు ఉత్తుత్తిగా మోగితే పదకొండోసారి గార్డు లేస్తాడా? స్విచ్చాపి దుప్పటి కప్పుకోడూ?

కొనండి, వద్దనం. కానీ టెండర్ కాగితంతో పాటు ఇంకో కాగితం బయటపెట్టండి. గంట మోగితే ఎవరు పరిగెత్తాలి? ఎన్ని నిమిషాల్లో? రాకుంటే ఎవరి జీతం కోస్తారు? యంత్రం మూలన పడితే ఎవరి కుర్చీ పోతుంది? కింద హోంగార్డు పేరు రాసి చేతులు దులుపుకుంటే చెల్లదు. పై నుంచి మొదలుపెట్టి రాయండి.

ఏం సారూ, పెన్ను కదలదేం?