వీణని చెవితో కొనే రోజులు

వీణ కొనడానికి ఇప్పుడు అరనిమిషం వీడియో చాలుతోంది. ఎవరో నాలుగు స్వరాలు మీటుతారు. గుడి మండపంలో కూర్చుని వాయించినట్టు దానికి ప్రతిధ్వని కలుపుతారు. కింద ధర. మా మేనల్లుడు డాలస్ నుంచి అలాంటిదొకటి పంపి, "బావుంది కదా మావయ్యా, పాపకి బుక్ చేసెయ్యనా?" అన్నాడు. ఏది బావుందిరా, వీణా, వీడియోనా అంటే నవ్వేశాడు. నేనేం హాస్యమాడలేదు.

మా రోజుల్లో బొబ్బిలి బస్సు దిగి, అక్కణ్ణుంచి గొల్లపల్లి వెళ్ళి, వీణలు చేసే సర్వసిద్ధి వారి అరుగు మీద కూర్చుంటేగానీ వీణ మాట ఎత్తేవాళ్ళం కాదు. వెళ్ళేది కూడా చెప్పి రావడానికే, తెచ్చుకోవడానికి కాదు. ముందు పనస దుంగ చూపించేవారు. బాగా ఆరిందా, పచ్చిదా, ముడులున్నాయా? పచ్చి కర్రతో చేస్తే ఇంటికొచ్చాక అది ఎండుతుంది, దండి వంగుతుంది, ఆపైన మెట్లు ఎన్నిసార్లు సవరించుకున్నా అపశ్రుతే. అందుకే దుంగ నచ్చాకే డబ్బు మాట.

రంగు పడకముందే మా గురువుగారు ఇంకోసారి లాక్కెళ్ళేవారు. ఏకాండి వీణ అన్నారంటే బుర్ర, దండి, యాళి తల మొత్తం ఒకే దుంగలోంచి రావాలి. చెక్క చార బుర్ర మీంచి దండి మీదికి తెగకుండా పాకిందో లేదో రంగు లేనప్పుడైతే పిల్లాడికైనా కనిపిస్తుంది. అతుకు వీణ చెడ్డదని అనను, దాన్ని ఏకాండి ధరకి అంటగడితేనే పేచీ. ఇప్పుడేమో ముఖం కనిపించే పాలిష్, దాని మీద బంగారు లతలు. కింద చార ఎటు పోయిందో బ్రహ్మకే తెలియాలి.

మీటి చూడటం మరో భాగోతం. ఆయన రాగాల జోలికే పోయేవారు కాదు. సారణి తీగ శ్రుతి చేసి, మెట్టు నొక్కకుండా ఒక్కసారి మీటి, చెయ్యి తీసేసి ఊరుకునేవారు. మేం మాట్లాడితే కసిరేవారు. నాదం సన్నగిల్లుతూ పోతోందా, గబుక్కున తెగిపోతోందా అన్నది అక్కడే తేలిపోయేది. ఆ తర్వాత 7వ మెట్టు మీద పంచమం, 12వ మెట్టు మీద పై షడ్జం. ఉన్న 24 మెట్లూ మైనం మీద కూర్చున్నవే, ఏ ఒక్కటి వెంట్రుకవాసి పైకి లేచినా దాని కింది మెట్టు నొక్కినప్పుడు తీగ గరగరలాడుతుంది. అందుకని ఒక్కటీ వదలకుండా అన్నీ నొక్కేవారు. మెట్టు మీద తీగని పక్కకి లాగి పై స్వరాలు అందుతున్నాయా అని చూసేవారు. గమకం పలకని వీణ గోడకి తగిలించుకోవడానికా? తీగలు ఆనే గుర్రం మీది రేకు వంపు కుదరలేదంటే, చేసినాయన మారుమాట లేకుండా దాన్ని ఊడదీసి, అరగదీసి మళ్ళీ కూర్చోబెట్టేవాడు. పూట గడిచిపోయేది. ఎవరికీ బస్సు తొందర లేదు.

చేసేవాళ్ళని నేను తప్పుపట్టను. విజయనగరంలో 1919లో సంగీత కళాశాల పెట్టినప్పటి నుంచీ వాయించేవాళ్ళు కూతవేటు దూరంలోనే ఉండేవారు. బాగా లేకపోతే వీణ భుజాన వేసుకొచ్చి మొహం మీదే చెప్పేవారు. చేసేవాళ్ళవి అలా పదునెక్కిన చెవులు. ఇప్పుడు కొనేవాడు సముద్రం అవతల, వాడికి కావలసింది ఫొటో. వారాల తరబడి చెక్కిన వీణకి బేరమాడేవాళ్ళే, సన్మాన సభకి జానెడు బొమ్మ వీణలు కావాలంటే డజన్ల లెక్కన పట్టుకుపోతారు. నాయకుల అద్దాల బీరువాలన్నిట్లో బొబ్బిలి వీణ ఉంది. మీటితే మాత్రం పలకదు. కడుపు నిండేది దానితోనైతే వాళ్ళు మాత్రం ఏం చేస్తారు?

మా ఎదురింటి కుర్రాడు నయం. చేత్తో చేసిన గిటారు కొంటానని వెళ్ళి, అరపూట కూర్చుని ప్రతి మెట్టూ నొక్కి చూసి, నచ్చక ఉత్తచేతులతో తిరిగొచ్చాడు. వాళ్ళమ్మ తిట్టింది. నేను పిలిచి కాఫీ ఇప్పించాను.

వీణ ఓడెక్కినా, విమానమెక్కినా మైనం మైనమే. ఎండలో నిలబెట్టిన కారు డిక్కీలో పెట్టారంటే మెత్తబడి మెట్లు కదిలిపోతాయి. ఏ ఎండా తగలకపోయినా కొన్నేళ్ళకోసారి ఆ మైనం తీసి, మళ్ళీ వేసి, ఒక్కో మెట్టునీ చెవితో నిలబెట్టాల్సిందే. మా ఊళ్ళో అందుకు మనిషి ఇంటికే వచ్చి రెండు పూటలు తిని మరీ చేసిపెట్టేవాడు. డాలస్‌లో ఆ పని ఎవరు చేస్తారో కొనేముందు కనుక్కున్న పాపాన పోరు. పాలిష్ ఏ రంగుల్లో దొరుకుతుందో మాత్రం మూడుసార్లు అడుగుతారు.