బావి ఉన్న పేజీ

నన్ను ఇంజినీరింగ్ సెక్షన్‌లో ఎంబుక్ అంటారు. కాగితాల మీద పూర్తి పేరు మెజర్‌మెంట్ బుక్. గట్టి అట్ట, నంబర్లు ముద్రించిన పేజీలు, అవి ఎన్నున్నాయో ధ్రువీకరిస్తూ మొదట్లోనే ఒక సంతకం. పేజీ చింపడానికి లేదు. అంకె తప్పు పడితే రబ్బరుతో చెరపకూడదు, దాని మీదే ఇంకోటి దిద్దకూడదు. ఒక గీత కొట్టి, పక్కన సరైనది రాసి, పొట్టి సంతకం పెట్టాలి. కొట్టేసిన అంకె కూడా చదవడానికి వీలుగా ఉండాలి. ఆఫీసులో ఈ కట్టుబాటు ఉన్నది నాకూ, క్యాష్ బుక్కుకూ మాత్రమేనని బీరువాలో మేం గొప్పలు చెప్పుకుంటూ ఉంటాం.

తెల్లవారుజామున గోదావరిలో మునిగి ఆఫీసు వేళకు ఇల్లు చేరగలిగేంత దూరంలో ఉన్న నగరం మాది. పేరు వద్దు. చుట్టుపక్కల పంచాయతీల పొలాలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లు అపార్ట్‌మెంట్లయ్యాయి. వార్డు మార్కెట్ మాత్రం మంగుళూరు పెంకుల షెడ్డుగానే మిగిలింది. దాన్ని తీసేసి కింద కూరగాయలకూ చేపలకూ స్టాళ్లు, పైన రీడింగ్ రూమ్ కట్టాలని 2018–19 ఎస్‌ఎస్‌ఆర్ (సర్కారు ధరల పట్టిక) రేట్లతో అంచనా వేశారు. మొదటిసారి టెండరు పిలిస్తే ఎవరూ రాలేదు. చిన్న పని, ఇరుకు సందు, కంకర లారీ పగలు లోపలికి రాదు. పెద్ద కాంట్రాక్టర్లకు ఇలాంటివి ఆనవు. పోనీ ఎక్కువ కోట్ చేద్దామా అంటే, అంచనా మీద 5 శాతం దాటితే ఒప్పుకోరు. రెండోసారి ఒకాయన వచ్చి అంచనా కన్నా బాగా లెస్ వేశాడు. కమిషనరుగారి దగ్గర్నుంచి అటెండరు దాకా అందరూ డబ్బు మిగిలిందన్నారు. లెస్ వేసినవాడు ఎక్కడో ఒకచోట దాన్ని రాబట్టుకోవాలి కదా అని నేను అనుకున్నాను. నాకు నోరు లేదు, గడులే ఉన్నాయి: సంఖ్య, పొడవు, వెడల్పు, లోతు, పరిమాణం.

నాలో మొదటి రాత షెడ్డు కూల్చివేత గురించి. కూల్చిన సామాను విలువ కట్టి కాంట్రాక్టరు బిల్లులోంచి తగ్గించాలి. అంచనాలో దాన్ని ఓ మూల నామమాత్రంగా చూపించారు. పెంకులు దించాక చూస్తే దూలాలూ వాసాలూ టేకు.

"పుచ్చిపోయిన కర్రలండీ మేడమ్, వంటచెరుక్కి కూడా పనికిరావు," అన్నాడు కాంట్రాక్టరు.

"పుచ్చినవి పుచ్చినవని రాస్తానండి. ముందు వరసగా పేర్పించండి, కొలుద్దాం," అంది అసిస్టెంట్ ఇంజినీరు, మా మాటల్లో ఏఈ. ఉద్యోగంలో చేరి ఎన్నాళ్లో కాలేదు ఆ పిల్లకి. ఒక్కో కర్ర పొడవు, వెడల్పు, మందం రాసింది. టేకు మీద తగ్గిన డబ్బు సంగతి మార్కెట్లో ఎవరికీ తెలియదు. మిగిలిన డబ్బుకు శిలాఫలకం వేయరు.

తర్వాత పునాదులు. ఎంబుక్ అసలు విలువ అక్కడే తెలుస్తుంది. గోడ రేపు కొలుచుకోవచ్చు, స్లాబు ఎల్లుండి కొలుచుకోవచ్చు. పునాది గుంత పూడ్చేశాక దాని లోతు నాలో తప్ప ఇంకెక్కడా ఉండదు. అందుకే దొంగతనం చేయదలచినవాడు పైన చేయడు, మట్టి కింద చేస్తాడు. తవ్వింది మీటరున్నర, రాసింది రెండు మీటర్లు. మా బీరువాలో అలాంటి పుస్తకాలు లేవని నేను చెప్పను.

మా పనిలో ఈశాన్యం మూల స్తంభానికి తవ్వుతుంటే గునపానికి ఇటుక తగిలింది. ఇంకాస్త తవ్వితే ఇటుక వంపు తిరిగింది. పాత బావి! ఎప్పుడో చెత్తతో పూడ్చి పైన షెడ్డు వేశారు. గట్టున చేపలమ్మే ముసలావిడ అప్పటికి వారం నుంచీ చెబుతూనే ఉంది, "అమ్మాయ్, ఆ మూల నుయ్యి ఉండేదమ్మా," అని. సాయిల్ రిపోర్టులో లేదు కాబట్టి ఎవరూ చెవిన పెట్టలేదు. చిన్న పనులకు బోరు గుంత ఒకటో రెండో వేసి సరిపెడతారు. అది బావికి నాలుగడుగుల అవతల పడితే రిపోర్టుకు బావి లేనట్టే.

ఏఈ పైఅధికారి డీఈగారు వచ్చి చూశారు. చెత్త తీయించి, మోటారు పెట్టి నీళ్లు తోడించి, పలచటి కాంక్రీటుతో నింపి, ఫుటింగును పక్కకు జరిపి స్ట్రాప్ బీము వేయాలన్నారు. ఇవేవీ అంచనాలో లేవు. సప్లిమెంటరీ ఐటమ్స్ అయ్యాయి. ఏఈ టేపుకు రాయి కట్టి బావిలోకి వదిలింది. లోతు 5.40 మీటర్లు. వ్యాసం రెండు వైపులా కొలిచింది. ఫోటోలు తీసింది. ఈ పేజీని గుర్తుపెట్టుకోండి.

పునాదులు లేచేసరికి 2019 వానాకాలం. గోదావరికీ కృష్ణకూ వరదలు వచ్చి ఇసుక రేవులు మునిగాయి. అదే సమయంలో ఇసుక విధానం మారింది. సెప్టెంబరు 5 నుంచి స్టాక్ యార్డులో టన్ను 375 రూపాయలకు అమ్ముతామన్నారు. రేటు బాగానే ఉంది, ఇసుకే లేదు. పొద్దున్నే అడ్డా మీద నిలబడ్డ బేల్దార్లు మధ్యాహ్నానికి ఉత్త చేతులతో ఇళ్లకు పోయేవారు. అంచనాలో ఇసుక ధర అంటే రేవు దగ్గర ధర, దానికి లీడ్ స్టేట్‌మెంట్ ప్రకారం కిలోమీటర్ల లెక్కన రవాణా. ఇసుక దొరకని రోజులకు లీడ్ స్టేట్‌మెంట్‌లో గడి లేదు. సెంట్రింగ్ షీట్లు అద్దెకు తెచ్చి పేర్చిన మేస్త్రి వాటి కింద కూర్చుని బీడీలు కాల్చాడు. అద్దె మాత్రం రోజూ నడిచింది.

అదే ఏడాది అక్టోబరు 2న వార్డు సచివాలయాలు వచ్చాయి. పైఅంతస్తులో రీడింగ్ రూమ్ అక్కర్లేదు, సచివాలయం పెట్టాలన్నారు. దానికి పార్టిషన్లు, కంప్యూటర్లకు పాయింట్లు, మరుగుదొడ్లు కావాలి. ప్లాను మార్చడానికి పట్టింది ఒక్క మీటింగు. నా పేజీల్లో అది కట్టిన గోడను కొట్టడం, మళ్లీ కట్టడం. ప్రభుత్వ భవనాల ఖర్చు గురించి నన్నెవరైనా అడిగితే దొంగల కన్నా ముందు దీన్నే చూపిస్తాను. దొంగకు భయం ఉంటుంది. మధ్యలో మనసు మార్చుకునేవాళ్లకు అది కూడా ఉండదు.

ర్యాంపు గోల ఇంకొకటి. పన్నెండుకు ఒకటి వాలు. ప్లింత్ 60 సెంటీమీటర్లు లేస్తే ర్యాంపు 7.2 మీటర్లు సాగాలి. మా స్థలమే మూరెడు, రెండు స్టాళ్లు దానికిందే పోయాయి. పోనివ్వండి. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లకూ, కూరగాయల గంప మోసే ముసలివాళ్లకూ ఆ వాలు కావాలి. బయట అపార్ట్‌మెంటు చదరపు అడుగు ఎంతకు కడుతున్నారో చెప్పి మా మార్కెట్‌తో పోల్చేవాళ్లు ఈ ర్యాంపునూ, కాలువనూ, ప్రహరీనీ, సంపునూ, ఇంకుడు గుంతనూ లెక్కలోకి తీసుకోరు. పన్నులు సరేసరి. కోటి రూపాయల పని అనుకోండి, కార్మిక సంక్షేమ సెస్సు 1 శాతం, అంటే లక్ష. జీఎస్టీ 12 శాతం, అంటే 12 లక్షలు. 2022 జులై 18 నుంచి అది 18 శాతమైంది. మా పని అప్పటికి అయిపోయి ఉండాల్సింది, అవలేదు. ఆ తేదీ తర్వాత చేసిన పనికి కోటికి 6 లక్షల చొప్పున అదనం. ఒక ఇటుక కూడా పెరగలేదు.

ఎందుకు అవలేదంటే, 2020 మార్చిలో స్లాబుకు ఇనుము కట్టారు, లాక్‌డౌన్ వచ్చింది. ఒడిశా కూలీలు ఊళ్లకు పోయారు. చువ్వలు ఎండకూ వానకూ తుప్పు పట్టాయి. తిరిగొచ్చాక తుప్పు గీకి, మళ్లీ కట్టారు. కాంక్రీటు వేసే ముందు ఏఈ టేపు తీసింది. డ్రాయింగులో చువ్వకూ చువ్వకూ మధ్య 150 మిల్లీమీటర్లు, సైటులో 180.

"కంటికి తేడా తెలియదు కదండీ," అన్నాడు మేస్త్రి, నవ్వుతూ.

"మేస్త్రిగారూ, మీరు వేస్తారా, నన్నే కట్టమంటారా?"

మధ్యాహ్నం దాకా అదనపు చువ్వలు కట్టారు. నాలో ఇనుము తూకం వేసి రాయరు. వ్యాసాన్ని దానితోనే గుణించి 162తో భాగిస్తే మీటరు బరువు వస్తుంది. 12 మిల్లీమీటర్ల చువ్వ అయితే 0.888 కిలో. అందువల్ల చువ్వల సంఖ్యలో అబద్ధం చెబితే బరువులో తేలికగా కలిసిపోతుంది. ఆ రోజు కలవలేదు. అప్పటినుంచి ఇనుము ధర ఎక్కుతూనే పోయింది. 2022 మేలో కేంద్రం ఉక్కు ఎగుమతుల మీద సుంకం వేసేదాకా వెళ్లింది. మా ఒప్పందంలో ధర పెరిగితే ఇచ్చే షరతు లేదు. పార్ట్ బిల్లు టోకెన్ పడి నెలల తరబడి కూర్చుంది. కాంట్రాక్టరు బయట వడ్డీకి తెచ్చాడు. అతను మంచివాడని అనను. కానీ ఈసారి ఇంకో పనికి టెండరు వేసేటప్పుడు ఆ వడ్డీని కూడా కలుపుకునే వేస్తాడు. అది ఏ ఎస్‌ఎస్‌ఆర్‌లోనూ కనిపించదు.

ఏఈకి బదిలీ అయింది. తర్వాత వచ్చినాయన గట్టి గట్టిగా మాట్లాడేవాడు, టేపు మాత్రం వర్క్ ఇన్‌స్పెక్టరు చేతికే ఇచ్చేవాడు. పని కొలతల ప్రమాణం ఐఎస్ 1200 ప్రకారం ప్లాస్టరింగులో అర చదరపు మీటరు దాటిన కిటికీకి ఒక ముఖం తగ్గించాలి. మా కిటికీలు ఒక్కోటి 1.44. ఆయన ఒక్కటీ తగ్గించలేదు. డీఈగారు చెక్ మెజర్‌మెంట్‌కు వచ్చినప్పుడు ఎర్ర సిరాతో వరసగా కొట్టేశారు. ఆ పేజీ ఇప్పటికీ తట్టు పోసిన ఒంటిలా ఉంటుంది.

ఇన్నాళ్లూ చేపలావిడా మిగతావాళ్లూ మెయిన్ రోడ్డు డ్రైను పలకల మీద కూర్చున్నారు. ఎండకు చేప తొందరగా మెత్తబడుతుంది, సాయంత్రానికి సగం ధరకు ఇవ్వాలి. వాళ్లకు పోయింది కొలిచేందుకు పొడవూ లేదు, వెడల్పూ లేదు. భవనం తెరిచిన రోజు శిలాఫలకం మీద మొత్తం ఖర్చు చదివి ఒకాయన, "సగం మింగేసుంటారు," అన్నాడు. చేపలావిడ గంప దించుకుంటూ, "సగం ఆ నుయ్యే మింగింది బాబూ," అంది. ఆవిడదీ కాస్త అతిశయోక్తే. బావికి పట్టింది అందులో చిన్న వాటా.

ఆడిట్ వాళ్లు సరిగ్గా ఆ చిన్న వాటానే పట్టుకున్నారు. సాయిల్ రిపోర్టులో లేని బావి ఎక్కడినుంచి వచ్చింది? ఉంటే లోతు 5.40 మీటర్లని ఆధారమేమిటి? ఫోటోలు చూపించారు. ఫోటోలో గుంత కనిపిస్తుంది, లోతు కనిపించదు. తవ్వి చూపిద్దామంటే పైన రెండంతస్తులున్నాయి. పాత ఏఈకి నోటీసు వెళ్లింది, డబ్బు ఆవిడ దగ్గర రాబట్టాలా అన్న చర్చ నడిచింది.

మూడో ఏఈ కుర్రాడు. ఎవరు చెప్పారో గానీ, మార్కెట్‌కు వెళ్లి చేపలావిడను అడిగాడట. "మా అత్త తోడేది బాబూ అందులో. ఎండల్లో చేద అడుక్కి తగలాలంటే పన్నెండు మూరల చేంతాడు కావాలి," అందట. మూర అంటే అడుగున్నర. పన్నెండు మూరలంటే 18 అడుగులు, 5.49 మీటర్లు. కుర్రాడు ఆ వాంగ్మూలం కాగితం మీద రాసి, ఆవిడ వేలిముద్ర వేయించి, నా పేజీ జిరాక్సుతో పాటు జవాబుకు జత చేసి సూపరింటెండెంటు బల్ల మీద పెట్టాడు.

ఆయన కళ్లజోడు సవరించుకుని రెండుసార్లు చదివారు. "బాగానే ఉందయ్యా," అన్నారు. "మూరల్ని మీటర్లలోకి మార్చడం ఐఎస్ 1200లో ఎన్నో పార్టులో ఉందో అది కూడా రాసి పంపు."