సన్యాసి కాచిన బీరు, సంసారి పడ్డ పాట్లు

బీరు రసజ్ఞులు బీరు తాగరు, దర్శనం చేసుకుంటారు. అందులోనూ అది బెల్జియంలో ట్రాపిస్టు సన్యాసులు కాచిన ముదురు రంగు ఘాటు బీరైతే ఇక చెప్పక్కర్లేదు. కాడ ఉన్న వెడల్పు మూతి గ్లాసే కావాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే తాగితే అపచారం. సీసా అడుగున పేరుకున్న ఈస్టు మడ్డి కదలకుండా వంచాలి. నురుగు నిలబడ్డాక ముక్కు దింపి, కళ్లు మూసుకుని చిట్టా విప్పుతారు: ఎండుద్రాక్ష, అంజీర, ఖర్జూరం, మాడిన చక్కెర, పాత తోలు, మఠంలోని చల్లటి రాతి నేల. ఆ తోలునీ రాతినీ ఎప్పుడు నాకి చూశారని మాత్రం మనం అడగకూడదు.

ఎండుద్రాక్ష దాకా నాకు పేచీ లేదు. నల్లగా కాచిన చక్కెర పాకం పోసి, వెచ్చటి వేడిలో ఈస్టుతో పులియబెడితే ఎండిన పళ్ల వాసనలు నిజంగానే వస్తాయి. గొంతు దిగేటప్పుడు వెచ్చగా తగిలేది ఆల్కహాలు. సరుకు మంచిదే, కాచినవాళ్ల పనితనమూ గొప్పదే. ఆ పాకాన్ని మోక్షమని చెప్పేచోటే నా గొడవంతా.

పశ్చిమ ఫ్లాండర్స్‌లో సెయింట్ సిక్స్టస్ మఠం ఉంది. అక్కడి వెస్ట్‌ఫ్లేటరెన్ 12 బీరులో ఆల్కహాలు 10.2 శాతం. దశాబ్దాల పాటు సీసాకి లేబులే లేదు, వివరాలన్నీ పసుపు మూత మీదే. 2005లో అభిమానుల రేటింగుల్లో అది ప్రపంచంలోకెల్లా మేటి బీరైంది. వేరే కంపెనీ అయితే మర్నాడే ఇంకో ఫ్యాక్టరీకి శంకుస్థాపన చేసేది. ఈ సన్యాసులు మాత్రం మఠం గడవడానికి ఎంత కావాలో అంతే కాస్తామన్నారు. కావాలంటే ముందు ఫోను చేసి కారు నంబరు చెప్పాలి, ఇచ్చినన్ని పెట్టెలే తీసుకెళ్లాలి, మారుబేరం కూడదు. 2019లో ఫోను పోయి ఆన్‌లైన్ బుకింగ్ వచ్చింది. వాళ్లు బేరం వద్దనుకుని పెట్టిన కట్టుబాటుని మన రసజ్ఞులు రుచిలో జమ కట్టేశారు. అందని ద్రాక్ష పుల్లనని మన నక్క సరిపెట్టుకుంది. వీళ్లకి అందకపోతేనే తీపి. 2012లో మఠం మరమ్మతుల కోసం ఆరు సీసాలు, రెండు గ్లాసులు ఉన్న పెట్టెని అమెరికాలో సుమారు 85 డాలర్లకు అమ్మితే, జనం దుకాణాల ముందు బారులు తీరారు.

ఇప్పుడు అసలు తమాషా. అక్కడికి దగ్గర్లోనే వాటూ అనే ఊళ్లో సెయింట్ బెర్నార్డస్ అనే బ్రూవరీ ఉంది. 1946 నుంచి 1992 దాకా మఠం అనుమతితో, మఠం పేరు మీద బీరు కాచింది వాళ్లే. కాచే పద్ధతి, ఈస్టు రెండూ మఠంవే. ఒప్పందం ముగిశాక వాటూ వాళ్లు సొంత పేరు పెట్టుకుని, ఆ పాత ఈస్టుతోనే కాస్తున్నామంటారు. మఠమేమో తనకి కావలసిన ఈస్టుని వెస్ట్‌మాలె మఠం నుంచి తెప్పించుకుంటుంది! అయినా దుకాణంలో చేతికందే సెయింట్ బెర్నార్డస్ 12 తాగినవాడు ‘బాగుంది’ అని ఊరుకుంటాడు. క్యూలో నిలబడి తెచ్చుకున్నదైతే రాతి నేల దాకా వెళ్తాడు. ఆ రెంటికీ తేడా అసలే లేదని నేననను. ఆ తేడాలో నాలుక వాటా ఎంత, నిరీక్షణ వాటా ఎంత అనే నా అనుమానం. 2001లో ఫ్రాన్సులోని బోర్డోలో వైను శాస్త్రం చదివే 54 మందికి ఎర్ర రంగు కలిపిన తెల్ల వైను ఇస్తే, ఎర్ర వైనుకి వాడే మాటలతోనే దాన్ని వర్ణించారు. చదువుకున్న ముక్కులకే ఆ గతి పట్టింది.

ఇంతా చేసి, మఠం ఎదురుగానే ‘ఇన్ దె ఫ్రేదె’ అనే కేఫ్ ఉంది. కూర్చుని 12 అడిగితే గ్లాసుతో తెచ్చి పెడతారు, పక్కన నంజుకోవడానికి మఠం జున్నూ దొరుకుతుంది. మీ కారు నంబరు అడగరు. మీకేం వాసన తగిలిందనీ అడగరు.