వేప గురించి ఈ మాటలు వినకండి

"పిలగాని కడుపుల పురుగులున్నయా? చెంచాడు వేపనూనె పట్టు బిడ్డా, అన్నీ పడిపోతయ్."

నాచారంలో మా వీధి చివర కూరగాయల బండి దగ్గర, చంకలో పసివాడితో నిలబడ్డ తల్లికి ఒక అవ్వ చెప్పిన సలహా ఇది. అవ్వ మనసు మంచిదే. సలహా మాత్రం ప్రాణం మీదికి తెచ్చేది. 1981లో మలేసియా వైద్యులు లాన్సెట్ పత్రికలో రాసింది ఇలాంటి పసిబిడ్డల గురించే. చిన్నచిన్న నలతలకు ఇంట్లోవాళ్లు వేపనూనె పట్టించారు. గంటలు గడవకముందే వాంతులు, మగత, ఎగశ్వాస, ఆపైన మూర్ఛలు. కాలేయానికి కొవ్వు పట్టింది, మెదడు దెబ్బతింది. మీ ఇంట్లో ఎవరైనా పట్టించేసి ఉంటే గొంతులో వేలు పెట్టి కక్కించకండి, నూనె ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 108కి ఫోన్ చేసి, సీసా కూడా వెంట తీసుకెళ్లండి.

"ఆకే అంత మంచిదైతే నూనె ఇంకెంత మంచిదో" అంటారు. బోనానికి కట్టే వేపమండ, ఉగాది పచ్చడిలో చిటికెడు పువ్వు, పళ్లు తోముకునే పుల్ల మనకు కొత్త కాదు. నూనె తీసే గింజ సంగతి వేరు. పురుగును ఎదగనివ్వని అజాడిరాక్టిన్ ఎక్కువగా ఉండేది అందులోనే. ఉప్పల్‌లో మొక్కల కోసం కొన్న వేపనూనె సీసా మీద 1500 పీపీఎం అని ఉందా? అది గులాబీల మీద కొట్టే పురుగుమందు. గాయానికి రాయకండి, నోట్లో అసలే పోసుకోకండి.

"పొద్దున్నే గ్లాసెడు వేపరసం తాగు, షుగర్ గోళీలు మానెయ్" అనే మాట పార్కుల్లో రోజూ వింటాను. వేపకు చక్కెరను తగ్గించే గుణం కొంత ఉంది. గోళీల బదులు అది చాలదు. గోళీలతో, ఇన్సులిన్‌తో కలిస్తే చక్కెర మరీ పడిపోవచ్చు. చెమటలు పట్టి, కాళ్లు వణికి, ఉప్పల్ రింగురోడ్డు దాటుతూ కళ్లు తిరిగితే పట్టుకునేదెవరు? తాగుతున్నట్టయితే మీ డాక్టరుకు దాచకుండా చెప్పండి.

కడుపుతో ఉన్నవాళ్లకు "ఒళ్లు శుభ్రపడుతుంది" అని వేప కషాయం ఇవ్వడమంటే నాకు అన్నిటికన్నా భయం. ఢిల్లీలోని ఒక జాతీయ పరిశోధన సంస్థలో వేపతో గర్భనిరోధక మందుల మీదే పరిశోధన చేశారు. వద్దంటే వద్దు.

ఆ అవ్వతో అక్కడే మాట్లాడాను. కాసేపు నా ముఖంలోకి చూసి, "అయితే ఆ నూనెతో దోమలకు దీపం పెట్టుకుంట" అంది.