సంచిక నిండా డబ్బాలే

మా తెలుగు సారుకు అరవై నిండుతున్న సందర్భంగా అభినందన సంచిక వేద్దామని తలపెట్టాం. రాసేవాళ్లకు కొదవ లేదు. నల్లగొండ, పాలమూరు, దేవరకొండ, కల్వకుర్తి, నారాయణపేట... ఎక్కడెక్కడో స్థిరపడ్డ శిష్యులంతా అడిగిందే తడవుగా ఫైళ్లు పంపారు. వాటిలో తెలుగు ఎక్కడుందో వెతకడమే కొన్నాళ్లుగా నా ఉద్యోగం.

ఒకటి తెరిస్తే నెత్తిన జంట చుక్కలున్న ఏ, కింద కొక్కెమున్న సీ, నడుమ పౌండు గుర్తు, డిగ్రీ గుర్తు. సారు ఛందస్సు ఎంత తియ్యగా చెప్పేవారో వివరించే వ్యాసమట అది. ఇంకోటి తెరిస్తే మొదటి నుంచి చివరి దాకా ఖాళీ డబ్బాలు. మూడోది నిండా ప్రశ్నార్థకాలే. సారు మీద ఇన్ని అనుమానాలున్న శిష్యుడెవరా అని పేరు చూడబోతే పేరు కూడా ప్రశ్నార్థకాలే.

ఫోన్ చేస్తే అందరిదీ ఒకటే మాట. "నా దగ్గర మంచిగనే కనబడుతున్నది గదన్నా! నీ సిస్టంలనే ఏమో ఉన్నది. ఎవరికన్న చూపియ్యి." అయితే ఆవిష్కరణ రోజున పాఠకులందరినీ బస్సెక్కించి, జడ్చర్ల మీదుగా ఒక్కో శిష్యుడి ఇంటికీ తీసుకుపోయి, అతడి కంప్యూటర్ ముందు వరసలో నిలబెట్టి చదివించాలి కాబోలు.

సరే, అన్నింటికీ మందు డీటీపీ దుకాణమే కదా అని మా నల్లగొండ క్లాక్ టవర్ దగ్గరికి పోయాను. అక్కడి పిల్లవాడు ఒక్కో ఫైలూ తెరిచి డాక్టరులా పెదవి విరిచాడు.

"గిది యూనికోడ్ సార్. మా పేజ్‌మేకర్ల రాదు. మళ్ల కొట్టాలె."

"మరి ఇది?"

"గిది పాత ఫాంటే గాని, మాది వేరే వెర్షన్ సార్. ఒత్తులు ఎగిరిపోతయి. మళ్ల కొట్టాలె."

"ఇదన్నా?"

"గిది పీడీఎఫ్. చూసుకుంట మళ్ల కొట్టాలె."

లోకంలో ఎన్ని రకాల ఫైళ్లున్నా, ఆ కుర్రాడి దగ్గర అన్నింటికీ చికిత్స ఒకటే. పేజీకి ఇంత.

అతణ్ని అని లాభం లేదు. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 2001లో వచ్చింది. ఆ తర్వాత దాన్ని కన్నవాళ్లే వదిలేశారు, మనం వదల్లేదు. దానికి యూనికోడ్ అనేదొకటి ఉన్నదని కూడా తెలియదు. చిత్రమేమిటంటే అదే 2001లో విండోస్ ఎక్స్‌పీ వచ్చింది, గౌతమి అనే తెలుగు యూనికోడ్ ఫాంటును వెంటబెట్టుకుని. యూనికోడ్ వాళ్లు 1991 నాటి మొదటి పట్టికలోనే తెలుగుకు చోటిచ్చారు. అంటే తలుపు తెరిచి ఇన్నేళ్లయినా, మనం ఇంకా కిటికీలోంచే దూకి వస్తున్నాం.

పాత ఫాంట్లను తిట్టడానికి కూడా నోరు రాదు. కంప్యూటర్‌కు తెలుగు ముక్క రాని రోజుల్లో అను, శ్రీలిపి లాంటివే దానికి అక్షరాభ్యాసం చేశాయి. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, కవితా సంపుటాలు అన్నీ వాటి చలవే. కాకపోతే అప్పటి ఫాంటులో ఉన్నవి 256 గదులు. మన గుణింతాలూ ఒత్తులూ వాటిలో ఎక్కడ పడతాయి? అందుకని అక్షరాలను తలకట్టుగా, కొమ్ముగా, ఒత్తుగా ముక్కలు చేసి ఇంగ్లిషు అక్షరాల గదుల్లో కాపురం పెట్టించారు. ఏ ముక్క ఏ గదిలో అన్నది కంపెనీకో లెక్క. ఫాంటు ఉన్నంతసేపూ తెలుగు కనిపిస్తుంది. ఫాంటు లేని చోట మిగిలేది గుమ్మం మీది ఇంగ్లిషు బోర్డే.

ఈ బాధ పడలేక కొందరు మార్పిడి సాఫ్ట్‌వేర్లు తయారుచేశారు, పుణ్యాత్ములు. వాటితో నూటికి తొంభై అక్షరాలు గట్టెక్కుతాయి. మిగతా పది ఎక్కడ తన్నుతాయో చెప్పలేం. నాకు దొరికినదానికి 'ష' పొట్టలో గీత కనపడదు. 'భాషాభిమాని' కాస్తా 'భాపాభిమాని' అయి కూర్చున్నాడు. ముఖచిత్రం మీద పెద్దక్షరాలతో 'పప్టిపూర్తి సంచిక' అని వచ్చింది. సారు చూస్తే ఈ వయసులో నన్ను బెంచీ ఎక్కిస్తారు.

పోనీ ఫాంటు గొడవ దాటినా, ఫైలు గొడవ ఉండనే ఉంది. ఒకరి ఫైలు ఒకరి దగ్గర తెరుచుకోవాలని ప్రపంచమంతా కూర్చుని 2006లో ఓడీఎఫ్ అనే ప్రమాణాన్ని ఒప్పుకుంది. రెండేళ్లు తిరక్కుండానే మైక్రోసాఫ్ట్ వాళ్ల పద్ధతి కూడా ప్రమాణమే అంది. అందరూ ఒక్కటే కావాలని చేసినవి రెండయ్యాయి. మన సాహిత్య సంఘాలు చీలడం మీద ఇక నేను వ్యాఖ్యానించను.

ఈ తలనొప్పిలో నాకు పదే పదే గుర్తొస్తున్నది సురవరం ప్రతాపరెడ్డి గారు. పాలమూరు మనిషి. తెలంగాణలో తెలుగు కవులే లేరని ఎవరో అంటే, ఉన్నారా లేరా చూసుకో అని 354 మంది కవులను ఒక్కచోట చేర్చి 1934లో గోలకొండ కవుల సంచిక వేశారు. ఆయనకు వచ్చినవి కాగితాలు. కాగితానికి వెర్షన్ ఉండదు కాబట్టి పని జరిగింది. అదే ఆయనకు ఒక కంప్యూటర్, ఒక వాట్సాప్ గ్రూపు ఇచ్చి ఉంటే?

ముందు గ్రూపులో 354 మంది చేరతారు. పద్యాలు పంపండి అంటే మొదటి వారం శుభోదయాలూ, పూల బొమ్మలూ వస్తాయి. గద్వాల కవి గారు డాక్ఎక్స్ పంపితే, అది తన పాత వర్డ్‌లో తెరుచుకోవడం లేదని వనపర్తి కవి గారు గ్రూపులోనే ఆక్షేపిస్తారు. ఎడిటర్ ప్రతాపరెడ్డి గారు కదా, వనపర్తి కవికెందుకు తెరుచుకోవాలి అని కొల్లాపూర్ కవి గారు అడుగుతారు. ముగ్గురూ గ్రూపు వదిలిపెడతారు. వాళ్లను మళ్లీ చేర్చడానికి ఒక రాయబారం.

ఇక సీస పద్యాల సంగతి. పాదాలు అందంగా మెట్లలా దిగాలని కవి గారు స్పేస్ బార్ మీద గంటసేపు బొటనవేలు అరగదీస్తారు. ఎడిటర్ కంప్యూటర్‌లో అదే పద్యం ఒక పాదం కుడి గోడకూ, ఒక పాదం ఎడమ గోడకూ కొట్టుకుని, ఎత్తుగీతి పక్క పేజీలో తేలుతుంది. యతి ఎక్కడ పడ్డదో వెతకాలంటే పోలీసు కుక్క కావాలి. ఆ రోజుల్లో అందరికీ అరసున్న పట్టింపు. డీటీపీ పిల్లవాడు తల పైకెత్తి, "సార్, ఈ సగం సున్న ఏ కీల ఉంటది?" అని అడుగుతాడు. ఇంకొకరి కంద పద్యంలో బండి ఱ చూసి, "గిది తప్పు పడ్డదా సార్?" అని తీసేస్తాడు. దాంతో ఆ పద్యంలో ప్రాస పోతుంది, ఆ కవితో స్నేహం పోతుంది.

చివరికి ఎలాగో పుస్తకం అచ్చవుతుంది. తెలంగాణలో కవుల్లేరన్న పెద్దమనిషి దాన్ని విప్పి చూస్తాడు. 354 మంది కవులు, పేజీ పేజీకీ డబ్బాలు. "నేను చెప్పలేదూ?" అని మూసేస్తాడు. చరిత్ర అక్కడితో ఆగిపోయేది.

ఇంతా చేస్తే, సిలికానాంధ్ర వాళ్లు ఉచితంగా ఇచ్చిన యూనికోడ్ ఫాంట్లలో ఒకదాని పేరు సురవరం. బాగుంటుంది, శీర్షికలకు మరీ బాగుంటుంది. మా దుకాణంలో వేద్దామంటే, "పేజ్‌మేకర్ల రాదు సార్" అన్నాడు పిల్లవాడు.

నవ్వుతూనే ఈ పని చేస్తుండగా ఒక సాయంత్రం, కరోనా కాలంలో పోయిన మిత్రుడి కొడుకు ఒక సీడీ తెచ్చి ఇచ్చాడు. "నాన్న పుస్తకం అంకుల్. 2003ల కొట్టిపిచ్చిండు, అచ్చు కాలేదు. ఏమన్న పనికొస్తదేమో చూడున్రి." ఆ ఫైలు కొట్టిన దుకాణం ఇప్పుడు మొబైల్ షాపు. ఏ ఫాంటు వాడారో చెప్పేవాడు లేడు. నాకు తెలిసిన అన్ని ఫాంట్లూ, అన్ని మార్పిడులూ వేసి చూశాను. కవితలని మాత్రం తెలుస్తున్నది, పంక్తులు పొట్టిగా ఉన్నాయి కాబట్టి. ఒక కవిత చాలా పొడుగ్గా ఉంది. అది దేని మీదో తెలియదు. మా కరువు మీదా, ఫ్లోరైడు నీళ్ల మీదా, వాళ్లమ్మ మీదా? 1922లో ఈ నల్లగొండ నుంచే వచ్చిన నీలగిరి పత్రిక ప్రతి ఒకటి ఎక్కడైనా దొరికితే, బడికి పోయే పిల్ల కూడా గడగడా చదివేస్తుంది. మా మిత్రుడు కవితలు కొట్టించి ఇంకా పాతికేళ్లయినా కాలేదు.

కొడుకు ఏమైందని అడిగితే ఏం చెప్పాలో తోచక, "పని జరుగుతున్నది" అన్నాను. జరగడం లేదు.

కాబట్టి కవులకూ రచయితలకూ నా మనవి. మీ ఇంట్లో పాత సీడీలూ, పెన్‌డ్రైవులూ ఉంటే, వాటిని కొట్టిన దుకాణం ఇంకా తెరిచి ఉన్నప్పుడే వెళ్లి, ఒక ప్రింటు తీయించి పెట్టుకోండి. ఆ ఆపరేటర్‌నే ఏ ఫాంటో అడిగి ప్రింటు అడుగున రాయించండి. వీలైతే యూనికోడ్‌లోకి మార్చి, 'ష'లన్నీ ఒకసారి చూసుకోండి. ఇక సంచికకు ఇంకా రాయని శిష్యులు ఫోన్‌లో కొట్టి మామూలు మెసేజీగా పంపినా చాలు, అది నాకు తెలుగులోనే వస్తుంది. పాత ఫాంటులో పంపేవాళ్లు వ్యాసంతోపాటు వాళ్ల కంప్యూటర్‌ను కూడా పంపగలరు. గడువు ఈ నెలాఖరు.