హిమరథికుడు

మిషిగన్ రాష్ట్రమున అక్టోబరు నెల కడపటికి వచ్చునప్పటికి నేలబారు స్పోర్ట్సు కార్లు గల గృహస్థులెల్లరు ఒక వ్రతము పట్టుదురు. వేసవియంతయు వుడ్‌వర్డ్ అవెన్యూ మీద మురిసి తిరిగిన వాహనమునకు అభ్యంగనము చేయించి, మైనము పూసి, పెట్రోలు నిండుగ పోసి, బాటరీ చల్లారకుండ సన్నని విద్యుత్తీగ యొకటి తగిలించి, మెత్తని ముసుగు కప్పి గరాజులో పరుండబెట్టి, మరల ఏప్రిల్ వరకు దాని మొగము చూడరు. శ్రీమహావిష్ణువు ఆషాఢమున శయనించి కార్తికమున మేల్కొనును, ఈ దేవతలు కార్తికమున శయనించి చైత్రమున మేల్కొందురు, అంతియే భేదము.

ఇందుకు మంచు సగము కారణము, ఉప్పు సగము. డెట్రాయిట్ నగరము క్రింద వేయి అడుగులకు మించిన లోతున, కోట్లాది సంవత్సరములనాడు ఎండిపోయిన సముద్రము విడిచిపోయిన ఉప్పుగని కలదు. మంచు కురియుటయే తడవుగ ఉప్పును రోడ్లమీద వెదజల్లుదురు. దానిచే మంచు కరగును. మంచుతోపాటు కార్ల ఉక్కును కొంచెము కొంచెముగ హరించుకొనిపోవును.

ఈ వ్రతమును భంగము చేయువాడొకడు ప్రతి పేటయందును ఉండును. హిమరథికుడని అతనికి నేను పెట్టిన పేరు. అతడు ఏ జాతివాడైనను కావచ్చును. అయినను డెట్రాయిట్ చుట్టుపట్ల కార్ల కంపెనీలలోను, వానికి విడిభాగములు సరఫరా చేయు కంపెనీలలోను మనవారు మెండుగ నుండుటచేత, నోవైలోను, కాంటన్‌లోను, ఫార్మింగ్‌టన్ హిల్సులోను ఈ జాతికొక తెలుగు శాఖ ఏర్పడినది. నాకు బాగుగ తెలిసినది ఆ శాఖయే.

అతనికి నలుబదియైదేండ్లుండును. మెకానికల్ ఇంజనీరింగు చదివి, చదివిన చదువునకు తగిన ఉద్యోగమే సంపాదించిన అరుదైన అదృష్టవంతుడు. తొలుత పాత క్యామ్రీ, పిల్లలు పుట్టిన పిదప మినీవ్యాను, గ్రీన్‌కార్డు చేతికి వచ్చిన యేడు ఎనిమిది సిలిండర్ల ఎర్రని మస్టాంగ్: ఇది అతని జీవితచరిత్రలోని కాండవిభజన. వేసవిలో మాత్రమే నడుపుదునని భార్యకు మాట ఇచ్చిన మాట వాస్తవమే. కాని ఇచ్చినది జులైలో. జులైలో ఇచ్చిన మాటలకు డిసెంబరులో అర్థము మారును. పైగా ఆ కారు పుట్టినది తన యింటికి గంటలోపు దూరముననున్న ఫ్లాట్‌రాక్ కర్మాగారమున. మిషిగన్‌లో పుట్టిన బిడ్డకు మంచు భయమేమని అతని ప్రశ్న.

హిమరథికునకు సంవత్సరాది ఉగాది కాదు. ఉష్ణమాపకము 45 డిగ్రీల ఫారన్‌హైటుకు, అనగా మన 7 డిగ్రీలకు, దిగిన ఉదయము. స్పోర్ట్సు కార్లకు తొడిగి పంపెడి వేసవి టైర్ల రబ్బరు ఆ మెట్టు దిగినది మొదలు బిగుసుకొని, గట్టి చలిలో చెక్కబారి, రోడ్డును పట్టుకొనుట మానును. మరింత చలిలో కదల్చినచో పగుళ్లు కూడ వారును. చలికాలపు టైరు పాకమే వేరు. అది చలిలోను మెత్తదనము విడువదు. దాని ముఖమున వందలకొలది సన్నని చీలికలుండి, ఒక్కొక్కటియు మంచును గిల్లి పట్టుకొనును. పార్శ్వమున మూడు శిఖరముల కొండయు, నడుమ మంచురేకును ముద్రింపబడి యుండును. ఆ ముద్రను హిమరథికుడు వైష్ణవుడు భుజముమీది శంఖచక్రములను చూపినంత నిష్ఠతో చూపును. ఇవియన్నియు అతడు చెప్పగా నేను నేర్చినవి. అడిగి నేర్చితినని మాత్రము ఎవరును భ్రమపడరాదు.

ఫిన్లండు దేశమున 1934లో లారీలకొరకు ప్రపంచమునకెల్ల మొదటి చలికాలపు టైరు తయారైన వృత్తాంతమును అతడు పురాణఫక్కిని వినిపించును. రెండేండ్లకు వెలువడిన హక్కపెలీట్ట అను టైరు నామమును ఉచ్చరించునపుడు అతని కంఠమున, కుమారుని అక్షరాభ్యాసమునాడైనను వినబడని భక్తి వినబడును. కెనడాలోని క్వెబెక్ రాష్ట్రమున డిసెంబరు 1 మొదలు మార్చి 15 వరకు చలికాలపు టైర్లు లేని కారు నడుపుట నేరము. మిషిగన్‌లో అట్టి శాసనము లేదు. ఉండవలెననునదియే అతనికి గల ఏకైక రాజకీయాభిప్రాయము. వెడల్పు టైరు మంచుపై తేలును, సన్ననిది మంచును కోసికొని క్రిందికి దిగును గనుక, 19 అంగుళముల చక్రములను విప్పి, వాని స్థానమున సన్నటైర్లు గల 18 అంగుళములవి తానే బిగించును. అంత డబ్బు పోసి కొన్న వెడల్పు టైర్లు నాలుగును నేలమాళిగలో ఆవకాయ జాడీల ప్రక్కన అజ్ఞాతవాసము చేయును.

ఏ ఇంట పుట్టినరోజు విందు జరిగినను, పకోడీల పళ్లెము ఒక చుట్టు తిరుగులోపల ఎవరో ఒక ఇల్లాలు ఆ ప్రశ్న వేయక మానదు.

“అన్నయ్యగారూ, ఇంత మంచులో ఆ బండేమిటండీ? వదినగారి వ్యాను ఉంది కదా!”

ఈ ప్రశ్న కొరకే అతడు విందునకు వచ్చెనని ఆ సాధ్వి యెరుగదు. ఉద్యోగపర్వమున భీష్ముడు వీరులను రథులనియు, అతిరథులనియు లెక్కించుకొనుచు కర్ణుని దగ్గరకు వచ్చి అర్ధరథుడని తేల్చి సభను కలచివేసెను గదా. మనవాడును అట్లే ఆ విందులోని మగవారి నెల్ల వరుసగ లెక్కించి, ఎత్తైన ఎస్‌యూవీలలో ఏడాది పొడుగునను ఒకే టైర్లతో తిరుగువారిని అర్ధరథులుగ తేల్చును. నాలుగు చక్రములకు ఇంజను బలమందుట బండి కదలుటకు పనికివచ్చునే గాని ఆగుటకు కాదనియు, బ్రేకులు ఎల్ల కార్లకును నాలుగు చక్రములకే కలవనియు అతని సిద్ధాంతము. గంటకు 30 మైళ్ల వేగమున పోవు కారు బ్రేకు తొక్కిన పిదప పొడి రోడ్డుమీద సుమారు 40 అడుగులలో ఆగునట. అణగిన మంచుమీద 150 అడుగులు కావలెనట. ఇది కాగితపు రుమాలుపై లెక్కగట్టి చూపును. మొదటి మంచు పడిన ఉదయమున ఐ-96 రహదారి ప్రక్క గుంటలలో ముక్కు దూర్చియున్నవి ఏ జాతి బండ్లో చూచి రమ్మనును. ఇందులో నిజము లేకపోలేదు, చిక్కెల్ల అదియే. పూర్తిగ పొరబడినవానిని వాదించి త్రిప్పవచ్చును; సగము సరియైనవానిని నిలుపుట బ్రహ్మతరము కాదు.

ఇక బియ్యపు వ్యవహారము. ఇంజను ముందును, దాని బలమందుకొను చక్రములు వెనుకను గల బండికి వెనుక బరువు చాలక, మంచులో ఆ చక్రములు ఉన్నచోటనే గిరగిర తిరుగును. జర్మనీవారి పోర్షె 911కు ఇంజను వెనుకనే యుండుటచే ఆ చిక్కు తక్కువ. ఆ బండి 1965లో మాంటీకార్లో ర్యాలీలో అయిదవదిగ వచ్చి, 1968 మొదలు 1970 వరకు వరుసగ మూడేండ్లు గెలిచిన సంగతి హిమరథికునకు కంఠస్థము. స్వీయశకటమున ఈ లోపమును సవరించుకొనుటకు అమెరికను రథికుడు డిక్కీలో ఇసుక మూటలు వేసికొనును. ఇసుక వండుకొనుటకు రాదు గనుక మనవాడు ఇండియను దుకాణమునుండి 20 పౌండ్ల సోనామసూరి బస్తాలు తెచ్చి పేర్చును. భోగినాటి ఉదయమున ఇల్లాలు గరాజు తలుపు తెరచి,

“ఏమండీ, ఇంట్లో బియ్యం నిండుకున్నాయి. డిక్కీలోంచి ఒక బస్తా తెచ్చిపెట్టండి” అనెను.

“ఒక బస్తా తీస్తే వెనక చక్రాల పట్టు ఎంత సడలుతుందో తెలుసా?”

“ఎసరు మరుగుతోంది.”

ఎసరే గెలిచినది. ఆ వారమంతయు మలుపులలో కారు తోక జాడించుటకు పొంగలియే కారణమని అతడు నేటికిని నమ్ముచున్నాడు.

అతడు వేగప్రియుడని లోకము తలచును. అది అపవాదు. రాత్రి పదిగంటలకు, మంచు దట్టముగ పడుచుండగా, పాలు తెచ్చెదనని బయలుదేరి, మూసివేసిన అంగడిసముదాయపు విశాలమైన పార్కింగు స్థలమున చేరి, చక్రములు జారినపుడు ఇంజను బలము తగ్గించు యంత్రసహాయమును మీట నొక్కి చాలించి, అతడు పోవు వేగము గంటకు 20 మైళ్లు. ఆ వేగముననే కారు వెనుకభాగము కుడికి జారును. అతడు స్టీరింగును కుడికే త్రిప్పును. అది ఎడమకు జారును. అతడు ఎడమకు త్రిప్పును. ఒక్క బ్రేకు తొక్కక, కాలి బొటనవ్రేలి ఒత్తిడితో ఆ జారుడును నిలిపి పట్టి, దీపస్తంభము చుట్టు ఒక పూర్ణవృత్తము చుట్టివచ్చును. ఇచట నాకు అతనిమీద గౌరవము కలుగుచున్నదని ఒప్పుకొనక తప్పదు. వేసవిలో 70 మైళ్ల వేగపరిమితి గల రహదారిపై నిలకడగ పోవుటకు ఆ బండి అశ్వబలములో పదియవ వంతైనను అక్కరలేదు. తక్కిన అశ్వములన్నియు లాయమున మేత మేయుచుండును. వేసవిలో ఆ కారు అంచు తెలియవలెనన్న చెరసాలకైనను ఆసుపత్రికైనను సిద్ధపడవలెను. మంచులో ఆ అంచు పాదచారి పరుగు వేగమునకు కొంచెము పైననే దొరకును. కారుయొక్క స్వభావము, అనగా ఎపుడు వినును, ఎపుడు వినదు, వినకపోవుటకు ముందు ఏమి సూచన చేయును అనునది, ఏడు నెలలు ఎండలో నడిపినవానికంటె ఒక్క రాత్రి మంచులో త్రిప్పినవానికే ఎక్కువ తెలియునేమో. ఒకపరి పోలీసు అధికారి వచ్చి, నేలమీది వృత్తములను చూచి, ఏమి చేయుచున్నారని అడుగగా అతడు నిజమే చెప్పెను: పాలకు వచ్చితిననెను. పాలు లేకయే ఇల్లు చేరెను.

ఇంత విద్యయు నశించు స్థలము అతని వాకిలి. వీధిలోని మంచును త్రోసికొనిపోవు నగరపాలకుల లారీ ప్రతి యింటి వాకిటను మోకాలెత్తు కట్టను వదలిపోవును. ఆ కారు పొట్టకును నేలకును నడుమ ఎడము అయిదారు అంగుళములు. ముక్కోటి ఏకాదశినాడు తెల్లవారక మునుపే నోవైలోని వేంకటేశ్వరస్వామి ఆలయమున ఉత్తరద్వార దర్శనమునకని, పట్టుపంచె కట్టి, ఉన్ని టోపి పెట్టి, అతడు రథమెక్కి వెనుకకు నడిపించెను. కట్టమీదికి ఎక్కిన రథము పొట్టపై ఆనుకొని నిలిచిపోయినది. హక్కపెలీట్టలు నాలుగును నేలను వెదకినవి. ఇల్లాలు పిల్లలతోను పులిహోర గిన్నెతోను మినీవ్యాను తీసికొని, పచ్చిక మీదుగ ప్రక్కనుండి దాటి, అద్దము దింపకయే సాగిపోయినది.

ఎదురింటివారు ఇద్దరు పారలతో వచ్చిరి. తెనాలినుండి కొడుకు నింటికి వచ్చియున్న పక్కింటి పెద్దాయన కూడ, వద్దన్నను వినక, శాలువ నడుమునకు బిగించి వెనుకనుండి చేయి వేసెను. ముగ్గురును ఒక్క ఊపు ఊపగా కారు కదలినది. పెద్దాయన కాళ్లు జారి మంచులో చతికిలబడెను. హిమరథికుడు కారు నిలిపి, అద్దము దింపి, తల బయటపెట్టి, మిక్కిలి ఆదరముతో, “బాబాయిగారూ, మీ బూట్ల అడుగు చూసుకున్నారా? అది వేసవి రబ్బరండీ!” అనెను.

బాబాయిగారు మంచులో కూర్చుండియే ప్రత్యుత్తరమిచ్చిరి. అది అచ్చమైన తెనాలి మాట, అచ్చువేయుటకు వీలుపడదు.